రాగి చెంబు, చేప మొప్ప

రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి మూతపెట్టి, పొద్దున్నే పరగడుపున తాగే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. రాత్రంతా ఆ నీళ్లలోకి రాగి ఇసుమంత కరుగుతుంది. మన ఒంటికి దానివల్ల చేటు లేదు. కొంత రాగి మనకు అవసరం కూడా. మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. అదే చెంబును, పాతకాలపు వస్తువు అందంగా ఉంటుందని, అక్వేరియం అడుగున ఇసుకలో పక్కకు వాల్చి పెట్టామనుకోండి. ముందు రొయ్యలు కదలడం మానేస్తాయి. తర్వాత నత్తలు గాజును వదిలి కిందపడతాయి. ఆపైన చేపలు నీటి పైకొచ్చి నోరు తెరిచి గుటకలు మింగుతుంటాయి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంకెలు రెండు పక్కపక్కన పెడితే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. మనుషులు తాగే నీటిలో రాగి లీటరుకు 1300 మైక్రోగ్రాములు దాటితే చర్య తీసుకోవాలని ఆ సంస్థ చెబుతుంది. జలచరాల దగ్గరికి వచ్చేసరికి, ఓ మోస్తరు కఠినత్వం ఉన్న మంచినీటికి అదే సంస్థ 2007 దాకా వాడిన తీవ్ర విషప్రభావపు పరిమితి 13 మైక్రోగ్రాములు. సరిగ్గా వంద రెట్ల తేడా. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా మామూలుగా 50 మైక్రోగ్రాములు, వేరే నీటి వసతి లేనప్పుడు 1500 దాకా ఒప్పుకుంటుంది. అంటే మనిషి నిశ్చింతగా తాగగలిగిన నీటిలో చేప బతకలేకపోవచ్చు. ఇంట్లో చేతులతో అక్వేరియం అలంకరణలు తయారుచేసుకునేవారు మొట్టమొదట వదిలిపెట్టాల్సిన నమ్మకం ఇదే: ‘మనం తినే పళ్లెమే కదా, మనం తాగే గ్లాసే కదా, చేపకేమవుతుంది?’

ఏమవుతుందో తెలియాలంటే మొప్పల సంగతి తెలియాలి. మనకు చర్మం అడ్డుంది, జీర్ణాశయం అడ్డుంది, కాలేయం అడ్డుంది. చేపకు మొప్పల దగ్గర రక్తానికీ నీటికీ మధ్య ఉన్నది మిల్లీమీటరులో వందోవంతు కూడా లేని పలచని పొర. నీటిలో కరిగిన ప్రాణవాయువును పట్టుకోవాలంటే ఆ పొర అంత పలచగా ఉండక తప్పదు. దానికితోడు మంచినీటి చేప రక్తంలో ఉప్పు ఎక్కువ, చుట్టూ ఉన్న నీటిలో తక్కువ. కాబట్టి ఉప్పు నిరంతరం బయటికి జారిపోతూ ఉంటుంది. పోయిన సోడియాన్ని మొప్పల్లోని ప్రత్యేక కణాలు నీటిలోంచి ఏరి మళ్లీ లోపలికి లాక్కుంటాయి. రాగి దెబ్బకొట్టేది సరిగ్గా ఈ పనినే. సోడియం వెళ్లే దారికి రాగి అడ్డుపడుతుంది, రక్తంలో ఉప్పు పడిపోతుంది, చేప చనిపోతుంది. జింకు ఇదే తీరులో కాల్షియం దారిని మూస్తుంది. రాగి, జింకు కలిస్తే ఇత్తడి. అందుకని ఇత్తడి బొమ్మలు, ఇత్తడి గంటలు, పాత నాణేలు, జీఐ తీగ (దాని మెరుపంతా పైన ఉన్న జింకు పూతదే) తొట్టి దరిదాపులకు రాకూడదు.

ఇంకో విషయం. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది మొప్పల మీద రాగితో పోటీపడి కొంత కాపాడుతుంది. కాల్షియం లేని మెత్తని నీటిలో అదే మోతాదు రాగి మరింత విషం. వంటింట్లో ఆర్‌ఓ యంత్రం ఉంది కదా, శుద్ధమైన నీళ్లు చేపలకు ఇంకా మంచివి అని తొట్టినంతా వాటితోనే నింపేవారు ఈ రక్షణను తెలియకుండానే తీసేస్తున్నారు.

చెరువులో రాగి బిళ్ల పడినా ఏమీ కాదు, తొట్టిలో ఎందుకవుతుంది? నీరు కొంచెం, పైగా అది ఎక్కడికీ పోదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో ఇసుక, రాళ్లు పోగా ఉండేది సుమారు 50 లీటర్లు. అందులో ఒక్క మిల్లీగ్రాము రాగి కరిగితే లీటరుకు 20 మైక్రోగ్రాములు. ఒక మిల్లీగ్రాము రాగి అంటే పరిమాణంలో ఆవగింజలో పదోవంతు కూడా ఉండదు. నీళ్లు ఆవిరైపోతాయి, రాగి మిగులుతుంది. తగ్గిన మేర కొత్తనీళ్లు పోస్తాం, వాటిలోని లవణాలూ చేరతాయి. అందువల్ల ఒక వస్తువు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఈ నీటిలో, ఇన్ని నెలలపాటు నానితే, దానిలోంచి ఏం బయటికొస్తుంది అని అడగాలి. ఈ అధ్యాయంలో రాయినీ కుండనూ కర్రనూ ప్లాస్టిక్‌నూ ఇదే ప్రశ్నతో చూద్దాం.

రాళ్లతో మొదలుపెడదాం. తెలుగు నేలకు రాళ్లకు కొదవలేదు. హైదరాబాదు చుట్టూ కనిపించే గుండ్లు, కరీంనగర్ గ్రానైటు, పొలాల్లో తెల్లగా మెరిసే పలుగురాళ్లు అన్నీ ముఖ్యంగా సిలికా, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు. ఇవి మనిషి జీవితకాలంలో నీటిలో కరగవనే చెప్పాలి. గ్రానైటులో మెరిసే అభ్రకం రేకుల వల్లా భయం లేదు. మార్కాపురం పలకరాయి కూడా మంచిదే. పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టి గుహలు, మెట్లు కట్టుకోవడానికి దాన్ని మించింది లేదు. అంచులు మాత్రం సానరాయి మీద అరగదీయాలి.

ఇళ్లలో నేలకు పరిచే బండల దగ్గరే చాలామంది పొరబడతారు. రాయలసీమలో నాపరాయి అంటాం. బేతంచెర్ల రాయి, కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ అని ఊరినిబట్టి పేరు మారుతుంది. చూడటానికి నల్లగా, బూడిదరంగులో, పసుపుగా ఉంటాయి. గట్టిగా ఉంటాయి. పలకరాయిలా పొరలుగా పగులుతాయి కూడా. కానీ ఇవన్నీ సున్నపురాళ్లే. కడప, కర్నూలు, పల్నాడు, నల్లగొండ ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు బారులు తీరింది ఈ జాతి రాయి అక్కడ పుష్కలంగా ఉండబట్టే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు. స్వచ్ఛమైన నీటిలో ఇది లీటరుకు 14 మిల్లీగ్రాములకు మించి కరగదు. అయితే తొట్టిలో చేపలు ఊపిరి వదులుతుంటాయి. ఆ కార్బన్ డయాక్సైడు నీటిలో కలిసి పలచని ఆమ్లమవుతుంది. ఆమ్లం రాయిని కొరికి బైకార్బొనేటుగా మార్చి కరిగిస్తుంది. చేపలెక్కువైతే, ఆ ఊపిరీ ఎక్కువై, రాయి కరగడమూ ఎక్కువవుతుంది. నీటి కఠినత్వం పెరుగుతుంది, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాటి 8.3 దగ్గర ఆగుతుంది.

ఇది విషమా? కాదు. మీ తొట్టిలో ఏ చేపలున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. గప్పీలు, మోలీలు కఠినజలంలో హాయిగా ఉంటాయి. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో పీహెచ్ 9 దగ్గర ఉంటుంది. అక్కడి సిక్లిడ్ చేపల్లో కొన్ని ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండి, వాటిలోనే గుడ్లు పెడతాయి. వాటి తొట్టికి నాపరాయి, గుల్లలు చక్కగా సరిపోతాయి. అమెజాన్ ఉపనదుల్లో ఆకులు నానిన మెత్తని నీటినుంచి వచ్చిన నియాన్ టెట్రాలకు అదే రాయి శిక్ష. ఇక బోరునీళ్లే కఠినంగా ఉన్న ఊళ్లలో, అప్పటికే సున్నం నిండిన నీటిలోకి రాయి కొత్తగా వదిలేది స్వల్పం. కాబట్టి సున్నపురాయి పనికిరాదు అని తీర్పు చెప్పే పుస్తకాలను నేను పూర్తిగా ఒప్పుకోను. ఏ నీటిలో, ఏ చేపలతో అన్నది చెప్పకుండా ఆ మాటకు అర్థం లేదు.

సున్నపురాయిని పోల్చుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. రాయిని సుత్తితో కొట్టి కొత్తగా పగిలిన ముఖం చూడండి. పాత ముఖం మీద దుమ్ము, నాచు ఉండి మోసం చేస్తాయి. ఆ తాజా ముఖం మీద ఒక చుక్క బాత్రూం యాసిడ్, అంటే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. సున్నపురాయైతే చుక్క తెల్లబడి చుయ్యిమంటూ పొంగుతుంది. చెవి పెట్టనక్కర్లేకుండానే ఆ చప్పుడు వినిపిస్తుంది. బయటికొచ్చేది కార్బన్ డయాక్సైడు. గ్రానైటు మీదైతే చుక్క పడ్డచోటే తడిగా నిలిచి ఉంటుంది. డోలమైటు రకం రాయి వెంటనే పొంగదు. మేకుతో గీకి ఆ పొడిమీద వేస్తే నిదానంగా బుడగలొస్తాయి. వెనిగర్, నిమ్మరసం కూడా వాడొచ్చు గానీ అవి బలహీనం. వాటితో బుడగలు రాలేదంటే సున్నం లేదని అర్థం కాదు. యాసిడ్‌తో ఈ పని ఆరుబయట, కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకుని పెద్దవాళ్లే చేయాలి. దగ్గర్లో బ్లీచింగ్ పొడి ఉండకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఈ పరీక్షకు దొరకని ప్రమాదం ఒకటుంది. రాయిమీద ఆకుపచ్చ, నీలి మరకలుంటే రాగి ఖనిజమని అనుమానించాలి. లోహంలా మెరిసే పసుపు చారలు గంధకంతో కూడిన ఖనిజాలు కావచ్చు. నీటిలో అవి ఆక్సీకరణం చెంది ఆమ్లాన్నీ లోహాలనూ వదులుతాయి. పల్నాడులో అగ్నిగుండాల పరిసరాలు సీసం, రాగి ఖనిజాలకు పేరున్న చోటు. అలాంటి గనుల దగ్గర ఏరిన రాయి ఎంత అందంగా ఉన్నా బల్లమీద పెట్టుకుని చూసుకోవలసిందే. ఇంకో జాగ్రత్త: శుభ్రం చేయాలని రాయిని ఓవెన్‌లో పెట్టడం, నీళ్లలో వేసి కుతకుత ఉడికించడం చేయకండి. సందుల్లో చిక్కిన తేమ ఆవిరై రాయి పేలిపోవచ్చు. బ్రష్షుతో రుద్ది, పైన వేడినీళ్లు పోస్తే చాలు. సబ్బు వద్దు. సబ్బు మొప్పల మీది జిగురుపొరను కడిగేస్తుంది.

సముద్రతీరం నుంచి తెచ్చే పగడపు ముక్కల గురించి వేరే కారణంతో చెప్పాలి. రాయిలా గట్టిపడే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినదైనా సరే, ఏరి ఇంటికి తెచ్చుకోవడం తగదు.

సున్నం మాట వచ్చింది కాబట్టి సిమెంటు. థర్మాకోల్‌ను కొండలా చెక్కి, పైన సిమెంటు పూసి, తొట్టి వెనకగోడకు అతికించే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాపించింది. చూడటానికి నిజంగా బాగుంటుంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు, అంటే తడిసున్నం పుడుతుంది. కొత్త సిమెంటు నానిన నీటి పీహెచ్ 12 పైమాటే. అందులో చేప నిమిషాల లెక్కన చనిపోతుంది. ఆ స్థాయి అందరికీ తెలిసిపోతుంది. నెమ్మదిగా, రోజుకింత పీహెచ్ పెంచుతూ పోయే సగం ఆరిన సిమెంటు మాత్రం కంటికి దొరకదు. దాని దెబ్బ అమ్మోనియా ద్వారా పడుతుంది.

చేప వదిలే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అనే అయాను రూపం మొప్పలోకి అంత తేలిగ్గా దూరదు. అమ్మోనియా వాయువు రూపం ఇట్టే దూరిపోతుంది, అదే విషం. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర విషరూపం మొత్తంలో అరశాతం మాత్రమే. పీహెచ్ 8కి చేరితే 5 శాతం. 9కి చేరితే మూడోవంతు దాటిపోతుంది. అంటే తొట్టిలో అమ్మోనియా ఒక్క చుక్క పెరగకుండానే, కేవలం సిమెంటు పెంచిన పీహెచ్ వల్ల విషం పదింతలవుతుంది. మన ఎండాకాలంలో నీరు 30 డిగ్రీలు దాటితే ఇంకాస్త ఎక్కువ. నిన్నటిదాకా బాగున్న చేపలు ఉన్నట్టుండి చనిపోయాయని వాపోయే ఇళ్లలో తొట్టిలోకి ఈమధ్య కొత్తగా ఏం చేరిందో అడిగితే, చాలాసార్లు ఇలాంటి వస్తువే బయటపడుతుంది.

సిమెంటు వాడాలంటే ఓపిక కావాలి. చేసిన వస్తువును బకెట్ నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ, వారాల తరబడి నానబెట్టాలి. మారుస్తున్న నీటి పీహెచ్, మామూలు నీటి పీహెచ్ ఒకటయ్యేదాకా ఆగాలి. ఎన్ని వారాలంటే సిమెంటు పూత మందాన్ని బట్టి ఉంటుంది. క్యాలెండరును కాదు, పీహెచ్‌ను నమ్మండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విషయంలో ఓపికతో కూడా పని జరగదు. అది గట్టిపడితే జిప్సం అవుతుంది. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. యాభై లీటర్ల తొట్టి వంద గ్రాముల బొమ్మను పూర్తిగా మింగేయగలదు. మింగే క్రమంలో నీటి కఠినత్వం ఆకాశానికి వెళుతుంది. వినాయక నిమజ్జనం తర్వాత చెరువుల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన మార్గదర్శకాలు ఇచ్చి, 2020లో వాటిని సవరిస్తూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను వద్దంది. హుస్సేన్‌సాగర్‌కే భారమైనది ఇంట్లోని గాజుపెట్టెకు తేలికెలా అవుతుంది? మార్కెట్లో దొరికే చిన్న కోటలు, బుద్ధుడి తలలు కొన్ని దీనితో చేసినవే. గోటితో గీకితే తెల్లపొడి రాలితే తీసుకోకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మన కుమ్మరి చేసే ఎర్రకుండ. బంకమట్టిని ఆవంలో కాల్చినప్పుడు, సుమారు 500 డిగ్రీలు దాటాక, మట్టి అణువుల్లో బంధించి ఉన్న నీరు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు నానబెట్టినా అది మళ్లీ బురద కాదు. మట్టి శాశ్వతంగా రాయిగా మారిందన్నమాట. నీటికి అది ఏమీ ఇవ్వదు. పైగా దానికి కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చి తొట్టిని బతికించే సూక్ష్మజీవులు ఆ గరుకు తలం మీద బాగా నిలుస్తాయి. సగం పగిలిన కుండ పెంకు బోర్లిస్తే సిక్లిడ్‌కు గుహ. చిన్న ముంత పక్కకు వాల్చితే రొయ్యపిల్లలకు గూడు. నాలుగు ప్రమిదలు ఒకదానిమీద ఒకటి ఎడంగా పేర్చితే అందమైన అరలు.

కొనేటప్పుడు కుండను వేలి కణుపుతో కొట్టి చూడండి. బాగా కాలింది కంగుమంటుంది. అరకొరగా కాలింది బొదబొదమంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున బొటనవేలితో గట్టిగా రుద్దితే మట్టి చేతికి అంటకూడదు. దీపావళికి అమ్మే రంగు ప్రమిదలు, చమ్కీలు అతికినవి వద్దు. లోపల మెరుపు పూత ఉన్న పాత్రల్లో ఆ పూతకు సీసం వాడి ఉండవచ్చు, వాటినీ పక్కనపెట్టండి. మొక్కలు పెంచిన పాత కుండీ ఉంటే దాన్ని తొట్టిలోకి తేవద్దు. ఏళ్ల తరబడి పోసిన ఎరువు, చల్లిన పురుగుమందు ఆ రంధ్రాల్లోనే దాగి ఉంటాయి. ఇంతసేపూ మెచ్చుకున్న గుణమే ఇక్కడ దోషమవుతుంది.

కర్ర దగ్గరికి వస్తే, విషం గురించి మన పల్లెలకు, అడవులకు తెలిసినంత పుస్తకాలకు తెలియదేమో. కానుగ వేర్లు, గింజలు దంచి, మంగకాయ నలిపి మడుగులో కలిపి చేపలను మత్తెక్కించి పట్టడం పాత పద్ధతి. ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండిని చెరువుల్లో చేపపిల్లలను వదిలేముందు, అక్కర్లేని చేపలను చంపడానికి ఇప్పటికీ వాడతారు. లీటరుకు 200 నుంచి 250 మిల్లీగ్రాముల మోతాదు చాలు. ఇప్పపిండిలో, కుంకుడుకాయలో, మంగకాయలో పనిచేసేది శాపోనిన్ జాతి పదార్థమే. తలరుద్దుకుంటే నురగ ఇచ్చేది అదే. మొప్పల పొరను దెబ్బతీసి, ఎర్ర రక్తకణాలను చితికేది కూడా అదే. విచిత్రమేమంటే రొయ్యలు దీన్ని చేపలకన్నా చాలా బాగా తట్టుకుంటాయి. రొయ్యల చెరువుల్లో చేపలను ఏరివేయడానికి తేయాకు గింజల పిండి చల్లడం అందుకే. రాగి రొయ్యను ముందు చంపుతుంది, శాపోనిన్ చేపను ముందు చంపుతుంది. తొట్టిలో రొయ్య తిరుగుతోంది కాబట్టి నీళ్లు మంచివే అనుకోవడానికి వీల్లేదు.

ఈ లెక్కన కానుగ, మంగ, కుంకుడు, ఇప్ప కర్రలు వద్దు. గన్నేరు, జిల్లేడు అసలే వద్దు. ఆ రెండిటి పాలలో గుండెను ఆపే విషాలున్నాయి. పాలు కారే చెట్టు, జిగురు కారే చెట్టు, వాసన ఘాటుగా ఉండే కర్ర అన్నీ వదిలేయడం క్షేమం. పార్సిల్ పెట్టెల పైన్ చెక్కలో రెసిన్ ఉంటుంది. పాత తలుపులు, కిటికీల చెక్కకు చెదలమందు పట్టించి ఉంటారు. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కపిడత ఎంత ముచ్చటైనవైనా నీళ్లకోసం పుట్టినవి కావు. మొదటిది రంగు వదులుతుంది, ఉబ్బుతుంది. రెండోదాని లక్క తెల్లబడుతుంది.

మరి ఏది మంచిది? జామకొమ్మ. చెట్టుమీదే చచ్చి ఎండి, బెరడు ఊడిపోయిన గట్టి కొమ్మ దొరికితే వదలకండి. మెలికలు సహజంగానే బాగుంటాయి. పచ్చికర్రలో చక్కెరలు, రసం ఉంటాయి. అవి కుళ్లి ప్రాణవాయువును తినేస్తాయి. ఎండిన కర్రను పెద్ద గిన్నెలో గంటలకొద్దీ మరిగించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మరిగించాలి. రాయికి వద్దన్నది కర్రకు మంచిది. టానిన్లు దిగిపోతాయి, గాలి వెళ్లిపోయి కర్ర మునుగుతుంది. తొట్టిలో పెట్టాక కొన్నాళ్లు తెల్లని దూదిలాంటి జిగురు కప్పుకుంటుంది. కంగారుపడకండి. మిగిలిన చక్కెరను తినే సూక్ష్మజీవుల, బూజుల పొర అది. దానంతటదే పోతుంది, నత్తలు ఇష్టంగా తింటాయి. నీరు టీ రంగుకు తిరిగితే అదీ హానికాదు. ఫైటర్ చేపలు పెంచేవారు వీధి బాదం చెట్టు ఎండుటాకును కావాలని వేస్తారు. కొబ్బరిచిప్ప కూడా ఈ కోవలోదే. పీచు గీకేసి, మరిగించి, అంచులో సగం చంద్రుడి ఆకారంలో దారి కోస్తే ఖర్చులేని గుహ తయారు. కోరింగ లాంటి చోట్ల మడ అడవుల వేర్లు చూసి మనసు పడేవారున్నారు. అవి తీరాన్ని కాచే రక్షిత అడవులు. అక్కడి వేరు అక్కడే ఉండాలి.

ప్లాస్టిక్‌లో అడుగున త్రిభుజంలో ఉన్న అంకె చూడండి. 1, 2, 5 అంకెలున్న సీసాలు, డబ్బాలు మంచినీటిలో నిలకడగా ఉంటాయి. 3 అంటే పీవీసీ. మెత్తగా వంగే పీవీసీ బొమ్మల్లో మెత్తదనం కోసం థాలేట్లు కలుపుతారు. అవి బంధం లేకుండా ఊరికే ఇరుక్కుని ఉంటాయి కాబట్టి నెమ్మదిగా నీటిలోకి జారుకుంటాయి, జీవుల హార్మోన్ల వ్యవస్థను కలవరపెడతాయి. కొత్త కర్టెన్, కొత్త బొమ్మ ఇచ్చే ఆ ఘాటు వాసన ఉంటే వద్దని అర్థం. గట్టి పీవీసీ పైపు ముక్కలను గుహలుగా చాలామంది వాడతారు. పాత పైపుల్లో సీసపు సమ్మేళనాలు కలిపేవారు. వాటిని తొలగించడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. కాబట్టి పాత ఇంటి పైపు కాకుండా సీసం లేనిదని రాసి ఉన్న తాగునీటి పైపు కొనండి.

అతికించడానికి సిలికాన్ మంచిది. 1960లనుంచి గాజు తొట్లకు ఇనుప చట్రాలు అక్కర్లేకుండా చేసింది అదే. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అది ఎసిటిక్ ఆమ్లం. వాసన పూర్తిగా పోయేదాకా, మందంగా పూస్తే వారం దాకా, ఆగాలి. అయితే ట్యూబు మీద బూజు పట్టదు అని రాసి ఉంటే ముట్టుకోకండి. బాత్రూం సందులకు చేసిన ఆ రకంలో బూజును చంపే మందు కలిపి ఉంటుంది, అది జలచరాలనూ చంపుతుంది. ఫెవిక్విక్ జాతి జిగురు, అంటే సైనోయాక్రిలేటు, తేమ తగిలితేనే గట్టిపడుతుంది. నాచును రాయికి అంటించడానికి ఒక్క చుక్క చాలు. చెక్కకు వాడే తెల్లబంక నీటిలో మెత్తబడి ఊడిపోతుంది. రెండు ముద్దలు కలిపే ఎపాక్సీలో పాళ్లు సరిగ్గా కుదరాలి. కుదరకపోతే కలవకుండా మిగిలిన గట్టిపరిచే రసాయనం నీటిలోకి దిగుతుంది.

రంగులు మాత్రం వేయకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016 నియమాలు చెబుతున్నాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. కానీ ఆ నియమం రాసింది గోడకోసం, నిత్యం నానుతూ ఉండే వస్తువు కోసం కాదు.

ఇక పరీక్ష. ఒకే కొలత ఉన్న బకెట్లు రెండు తీసుకోండి. రెండింట్లోనూ ఒకే నీళ్లు, క్లోరిన్ తీసేసినవి. ఒకదానిలో మీ వస్తువు, రెండోదానిలో ఏమీ వద్దు. రెండో బకెట్ లేకుండా చేసే పరీక్షకు విలువ లేదు. నిలవ ఉన్న నీటి పీహెచ్ దానంతటదే కొంత మారుతుంది కాబట్టి పోల్చడానికి అది కావాలి. పదిహేను రోజులు ఉంచి మధ్యమధ్య పీహెచ్, కఠినత్వం, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) రాసుకోండి. చేతితో గిలక్కొట్టి నురగ నిలుస్తుందేమో చూడండి, పైన నూనె పొర చూడండి, వాసన చూడండి. టీడీఎస్ మీటరు సున్నాన్ని, జిప్సాన్ని పట్టుకుంటుంది. రాగి లీటరుకు 20 మైక్రోగ్రాములుంటే దానికి కనపడదు, పురుగుమందు అసలే కనపడదు. మీటరు బాగుందని చెప్పింది కదా అని లోహపు బొమ్మ పెట్టేయకండి. ప్రయోగశాలల్లో ఇలాంటి విషాలకు డాఫ్నియా అనే నీటి పేనును 48 గంటలు ఆ నీటిలో ఉంచి చూస్తారు. ఇంట్లో అందుకని నత్తలను బలిపెట్టడం నాకు సమ్మతం కాదు. చరిత్ర తెలియని వస్తువును వదిలేయడం దానికన్నా సులభం.

ఆ చరిత్రలో తొట్టిది కూడా కలిపి చూడాలి. తెల్లమచ్చల జబ్బుకు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, కలిపిన మందులు వేస్తారు. సున్నపురాళ్లు, గుల్లలు ఆ రాగిని పట్టుకుని తర్వాత కొంచెం కొంచెంగా వదులుతాయి. ఇంకొకరి తొట్టినుంచి రాళ్లు తెచ్చుకునేటప్పుడు అక్కడ ఏ మందులు వాడారో అడగండి.

ఇక వస్తువు ఆకారం. దాని అంచుల మీద పలచని నూలుగుడ్డ లాగి చూడండి. పోగు చిక్కుకుంటే గోల్డ్‌ఫిష్ తోక కూడా చిక్కుకుంటుంది. చేప తల మాత్రమే పట్టే రంధ్రం ఉంచకండి. అది ధారాళంగా దూరిపోయేంత పెద్దదైనా ఉండాలి, లేదా అసలు దూరలేనంత చిన్నదైనా ఉండాలి.

పెట్టాక మొదటి రెండు వారాలు రోజూ గమనించండి. చేపలు పైకొచ్చి గుటకలేస్తున్నా, రెక్కలు ఒంటికి అదుముకుని మూలన నిలబడినా, నత్తలు నీటిని వదిలి గాజు పైకి పాకుతున్నా ముందు ఆ వస్తువును బయటికి తీయండి, తర్వాత కారణం వెతకండి. సగం నీళ్లు మార్చండి, గాలిబుడగల మోటారు ఆపకండి. ఫిల్టరులో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే కర్రలోంచి, ప్లాస్టిక్‌లోంచి వచ్చిన సేంద్రియ పదార్థాలను అది చాలావరకు పట్టుకుంటుంది. పెరిగిన పీహెచ్‌ను గానీ కఠినత్వాన్ని గానీ అది తగ్గించలేదు. వాటికి రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా నీళ్లు మార్చడం ఒక్కటే దారి. ఆ మార్పు ఒక్కసారిగా చేస్తే అదీ చేపకు దెబ్బే, కాబట్టి పావు తొట్టి మించి ఒక్క పూటలో మార్చకండి. సగం నీళ్లు మార్చమన్నది చేపలు కళ్లముందు విలవిల్లాడుతున్నప్పుడే.